రెండు చుక్కలు

మార్చి 4, సోమవారం

ఈ రోజు నుంచి పాలకు కొత్త పద్ధతి పెట్టాను.

వెనకింటావిడ పాలల్లో నీళ్ళు కలుపుతోందని ఏడాదిగా మొత్తుకుంటున్నాను. ఆయన వినరు. "మా వదిన అలాంటి మనిషి కాదు" అంటారు. ఆయనకు వదిన, నాకు తోడికోడలు. నోటితో అక్కా అనే పిలుస్తాను. ఇక్కడ మాత్రం వెనకింటావిడ అనే రాస్తాను, ఇది నా పుస్తకం. బావగారు పోయాక పెరడంతా ఆవిడ మేకలకు వదిలేశాం. బదులుగా రోజూ పొద్దున మా అమ్మాయి పిచ్చుకకు అరలీటరు పాలు ఇవ్వాలి. పిల్లకు ఏడేళ్ళు, ఆవుపాలు పడవు. లేకపోతే ఆవిడ మేకలతో నాకేం పని!

పద్ధతి ఇది. క్యాను పట్టుకుని పిచ్చుకే వెళుతుంది. ఆవిడ పితుకుతుంటే పక్కనే నిలబడుతుంది. గిన్నెలో పడ్డ పాలు ఒక చుక్క నాలిక మీద వేసుకుంటుంది. క్యానులో పోశాక, రెండిళ్ళ మధ్య గోడ గుమ్మం దాటే ముందు, ఇంకో చుక్క. రెండూ ఒకే రుచి అయితే నోరు మూసుకుని రావాలి. రెండోది పలచగా ఉంటే నాకు చెప్పాలి. పిల్లల నాలికను మోసం చేయడం ఎవరి తరమూ కాదు. పుస్తకంలో రెండు గళ్ళు గీశాను.

"నేను పోలీసునా అమ్మా?" అంది.

"పోలీసు కాదు, పరీక్షాధికారివి. పెద్దమ్మకు తెలియకూడదు. ఎవరడిగినా చెప్పకూడదు."

"నాన్నకు?"

"నాన్నకు అసలే వద్దు."

ఇంటికి వచ్చాక పాలు ఎప్పటిలాగే మూడు పొంగులు. మూడు పొంగులు రానిదే నా వంటింట్లో పాలు ఎవరి గ్లాసులోకీ దిగవు.

మార్చి 5

సమానం.

మార్చి 6

సమానం.

మార్చి 9, శనివారం

ఈ రోజూ సమానమే. పిల్ల ఎదురుగా ఉంది కనుక కలపడం లేదు. అంటే ఇన్నాళ్ళూ కలిపినట్టే కదా.

మార్చి 13

సమానం. పిచ్చుక పై పెదవి మీద తెల్లగా నురగ. చీర కొంగుతో తుడిచాను. చుక్కకు అంత నురగ రాదు. ఏమీ అడగలేదు. పని శ్రద్ధగా చేస్తోంది, అది చాలు.

మార్చి 17, ఆదివారం

వెనకింటావిడ గోధుమరంగు మేక నెలలు నిండకముందే చచ్చిన పిల్లల్ని వేసింది. ఈ నెలలో ఇది రెండో మేక. పొద్దున్నే గోడ దగ్గర నిలబడి ముక్కు చీదింది.

"ఎవరి కళ్ళు పడ్డాయో చెల్లీ, కడుపులోనే పోయాయి" అంది నా కళ్ళలోకి సూటిగా చూస్తూ.

"మేత సరిగ్గా వేస్తే కళ్ళేం చేస్తాయి అక్కా" అన్నాను.

మధ్యాహ్నం దాకా హాయిగా అనిపించింది.

పాలు సమానం.

ఏప్రిల్ 2, మంగళవారం

సాయంత్రం పిచ్చుకకు ఒళ్ళు వెచ్చగా ఉంది. 100.6.

ఏప్రిల్ 5

పొద్దున మామూలుగా ఉంటుంది. సాయంత్రం ఐదయ్యేసరికి ఎవరో పిలిచినట్టు వస్తుంది. 101, 101.4, 102. కళ్ళజోడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. నాలిక చూశాడు, వీపు మీద రెండు దెబ్బలు తట్టాడు. "గాలి మారింది కదమ్మా, అందరు పిల్లలకీ ఉంది" అన్నాడు. పక్కింటి పిల్లలకు లేదు, ఎదురింటి పిల్లలకు లేదు. ఆ అందరూ ఎవరో ఆయనకే తెలియాలి.

పిల్ల పాలకు వెళ్ళడం లేదు. ఆవిడే క్యాను తెచ్చి గుమ్మంలో పెట్టి వెళుతోంది. గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఇప్పుడు కలుపుతూ ఉంటుంది.

ఏప్రిల్ 11

జ్వరం లేదు. రెండో రోజు.

ఏప్రిల్ 16, మంగళవారం

మళ్ళీ వచ్చింది. 101.8. ఈసారి చెమటలు. తెల్లవారి చూస్తే దిండు తడిసి ముద్దయి ఉంటోంది. దిండు గలీబులూ దుప్పట్లూ రోజూ ఉతుకుతున్నాను. ఎండలో ఆరేస్తుంటే వెనకింటావిడ గోడ మీదుగా, "రోజూ దుప్పట్లేమిటి చెల్లీ, పిల్ల పక్క తడుపుతోందా?" అని అడిగింది. వీధి వీధంతా వినేలా!

ఏప్రిల్ 19, శుక్రవారం

మోకాలు నొప్పంటోంది. ఎడమది. నిన్న కుడిది అంది. నొప్పి ఇటు నుంచి అటు నడిచి వెళుతుందా? ఈ రోజు లెక్కల పరీక్ష. నాకు తెలియనిదా ఈ నాటకం! చెయ్యి పట్టుకుని బడి దాకా నడిపించాను. దారిలో రెండుసార్లు కూర్చుంది. రెండుసార్లూ లేపాను.

ఏప్రిల్ 22, సోమవారం

బడి నుంచి పిలిచారు. పంతులమ్మ తలుపు వేసి, గొంతు తగ్గించి మాట్లాడింది. పిచ్చుక సాక్సు కిందకు లాగి చూపించింది. పిక్కల మీద నల్లగా, నీలంగా మచ్చలు. మోచేతి పైన రెండు. నడుము దగ్గర ఒకటి, అరచేయంత.

"ఇవెలా వచ్చాయండీ?"

"ఆడుకుంటూ పడి ఉంటుంది."

"మూడు వారాలుగా అది ఆడుకోవడం లేదండీ. మూల కూర్చుంటోంది." సాక్సు మళ్ళీ పైకి లాగి, "ఇంట్లో ఏమైనా ఇబ్బందులున్నాయా? నాతో చెప్పుకోవచ్చు" అంది.

ఇరవై ఏడేళ్ళు ఉంటాయేమో దానికి. నాకు చెప్పుకునే చోటు చూపిస్తోంది. నేను నా పిల్ల మీద ఎన్నడూ చెయ్యెత్తలేదు. నోరు పెద్దదే, ఒప్పుకుంటాను. చెయ్యి మాత్రం ఎత్తలేదు. లేచి వచ్చేశాను.

ఇంటికి వచ్చి ఒక్కొక్క మచ్చా లెక్కపెట్టాను. పదకొండు. ముట్టుకుంటే నొప్పి లేదట. దెబ్బకు నొప్పి ఉంటుంది కదా. ఇవి దెబ్బలు కావు.

ఏప్రిల్ 24

పళ్ళు తోముకుంటుంటే ముక్కు నుంచి రక్తం. ఇరవై నిమిషాలు ఆగలేదు. తువాలు రెండు వైపులా తడిసింది. ఆయన డ్యూటీ మానేసి ఇంట్లోనే ఉన్నారు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, తిరిగి నాలుగు అనేదాన్ని.

ఏప్రిల్ 25, గురువారం. పెద్దాసుపత్రి

రక్తం గడ్డకట్టించే కణాలు లక్షన్నర ఉండాలట. పిచ్చుకకు పద్నాలుగు వేలు ఉన్నాయి. ప్లీహం పెరిగిందట. వార్డులో పడుకోబెట్టారు. కిటికీ పక్క మంచం. గోడకు గడియారం, రెండు నిమిషాలు వెనక.

డాక్టరమ్మ నాకంటే పదేళ్ళు చిన్నది. ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది.

"జ్వరం ఎప్పటి నుంచి?"

కాగితం ఇచ్చాను. తేదీ, వేళ, డిగ్రీలు అన్నీ ఉన్నాయి. రాత్రే ఈ పుస్తకంలోంచి వేరే కాగితం మీద ఎత్తి రాశాను. పుస్తకం సంచి అడుగున పెట్టాను.

"ఇంత శుభ్రంగా రాసి తెచ్చిన అమ్మను నేనింతవరకు చూడలేదు" అంది. తర్వాత, "ఇంట్లో జంతువులున్నాయా?"

"లేవు."

ఇది అబద్ధం కాదు. మేకలు మా ఇంట్లో లేవు, గోడకు అవతల ఉన్నాయి.

"పచ్చిపాలుగానీ, కాచకుండా ఇంకేమైనాగానీ తాగిందా?"

"మా ఇంట్లో మూడు పొంగులు రానిదే పాలు ఎవరికీ పొయ్యనండీ."

"చాలా మంచిది" అని రాసుకుంది.

ఇదీ అబద్ధం కాదు.

ఏప్రిల్ 26, శుక్రవారం

తుంటి ఎముకలోంచి మూలుగ తీశారు. నన్ను బయటే ఉంచారు. తలుపు అవతల పిల్ల అరిచింది. ఏమని అరిచిందో ఇక్కడ రాయను.

క్యాన్సరేమోనని చూస్తున్నారట. ఆయన ఆ మాట పలకలేక "అదేమోనని" అన్నారు.

సాయంత్రం నర్సు వచ్చి పక్కన కూర్చుంది. మళ్ళీ ఆ గొంతే, పంతులమ్మ గొంతు. "అమ్మా, కోపం ఎవరికైనా వస్తుంది. పిల్ల మీద ఎప్పుడైనా..." ఆ మాట పూర్తి కాకముందే గుమ్మంలో వెనకింటావిడ. నడుం పట్టుకుని, మెట్లెక్కిన రొప్పుతో. రెండేళ్ళుగా ఆ నడుం నొప్పి, ఆ మూలుగు. పని తప్పించుకునేందుకేనని నేను ఎప్పుడో తేల్చాను.

"ఎవరు కొట్టారంటున్నావమ్మా నువ్వు?" అంది నర్సుతో. "ఇదా? దీనికి నోరే కత్తి. చెయ్యి లేవదు. ఇరవై ఏళ్ళుగా ఒకే ప్రహరీలో ఉంటున్నాను, రోజూ తిట్లు తింటున్న దాన్ని, నాకు తెలియదా!"

నర్సు నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆవిడ వల్ల నేను మంచిదాన్నయ్యాను. ఇంతకంటే చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

ఏప్రిల్ 27, శనివారం

మూలుగలో క్యాన్సరు లేదు.

ఆయన గోడకు తల ఆనించి నిలబడ్డారు. నేను నీళ్ళ సీసా మూత బిగించాను, మళ్ళీ తీశాను, మళ్ళీ బిగించాను.

డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. పిల్ల ఒళ్ళే తన రక్తకణాల్ని తినేస్తున్నట్టుంది. దాన్ని ఆపాలంటే ఒంట్లో పోరాడే శక్తినే అణచే మందు ఇవ్వాలి. సోమవారం పొద్దున మొదలుపెడతారు. "ఒక్కటే నా బెంగ" అంది. "లోపల ఎక్కడైనా ఇన్ఫెక్షన్ దాక్కుని ఉంటే ఈ మందుతో అది చెలరేగుతుంది. ఆగి ఆగి వచ్చే జ్వరం, చెమటలు, చోటు మారే కీళ్ళ నొప్పి. నాకెందుకో పశువుల నుంచి వచ్చే జబ్బు గుర్తొస్తోంది. పచ్చిపాలలో ఉంటుంది. పిల్లల్లో ఒక్కోసారి ఇలా మచ్చలతో, రక్తంతో బయటపడుతుంది. దాని పరీక్ష ఇక్కడ చెయ్యరు, బయటికి పంపాలి. మీరు ఖాయంగా కాదంటున్నారు కనుక..."

"కాదండీ" అన్నాను.

డాక్టరమ్మ మంచం దగ్గరికి వెళ్ళి వంగింది. "పిచ్చుకమ్మా, ఎప్పుడైనా కాచకుండా పాలు తాగావా? మేకవి, ఆవువి, ఎవరింట్లోనైనా?"

పిచ్చుక నా వైపు చూసింది. కళ్ళ కింద నల్లగా ఉంది. చూసి, డాక్టరమ్మ వైపు తిరిగి, "లేదు" అంది.

గట్టిగా చెప్పింది. బళ్ళో ఎక్కాలు అప్పగించినట్టు.

డాక్టరమ్మ వెళ్ళాక నా చెయ్యి పట్టుకుని లాగింది. "చెప్పలేదుగా అమ్మా. బాగా చేశానా?"

ఏప్రిల్ 28, ఆదివారం

లెక్క వేశాను. మార్చి 4 నుంచి ఏప్రిల్ 1 దాకా ఇరవై తొమ్మిది రోజులు. రోజుకు రెండు చుక్కలు. యాభై ఎనిమిది చుక్కలు. అన్నీ కలిపినా ఒక చెంచా కాదు. ఒక చెంచా పాలతో మనిషి ఇంత జబ్బు పడతాడా? వెనకింటావిడ ముప్పై ఏళ్ళుగా మేకలతోనే పడుకుని లేస్తోంది, గుండ్రాయిలా ఉంది.

చెబితే ఏమవుతుంది? ఇప్పటికే కొట్టే తల్లిని. ఇక ఏడేళ్ళ పిల్లతో తోడికోడలి ఇంట్లో దొంగ పరీక్షలు చేయించిన తల్లిని కూడా అవుతాను. ఆవిడ దాన్ని వీధి చివరిదాకా మోస్తుంది. ఆయన నా మొహం చూడరు. చెప్పకపోతే ఏమవుతుంది? మందు ఇస్తారు. మందుతో తగ్గవచ్చు. డాక్టరమ్మ "బెంగ" అంది, "ఖాయం" అనలేదు.

ఒక చెంచా.

మధ్యాహ్నం పిల్ల నిద్ర లేచాక అడిగాను. మామూలుగా, జుట్టు దువ్వుతూ. "రెండు చుక్కలే కదమ్మా వేసుకునేదానివి?"

"మొదట రెండే. తర్వాత చుక్కలో రుచి తెలియలేదు. క్యాను మూతతో తాగేదాన్ని. పితగ్గానే ఒక మూత, గుమ్మం దగ్గర ఒక మూత." కళ్ళు మెరిశాయి. "వేడిగా భలే ఉంటాయి అమ్మా. నురగ ముక్కుకు అంటుకుంటుంది."

క్యాను మూతలో ఎన్ని పడతాయో నాకు తెలుసు. అది కొన్నప్పుడే కొలిచాను. ఈ లెక్క ఇక్కడ వెయ్యను.

మార్చి 13న నురగ తుడిచింది నేనే. పేజీ వెనక్కి తిప్పితే ఉంటుంది. తిప్పలేదు.

ఏప్రిల్ 29, సోమవారం

పొద్దున ఎనిమిదింటికి నర్సు ట్రే తెచ్చింది. సీసా, సూది, దూది. పిల్ల చెయ్యి చాపింది. ఇప్పుడు అలవాటైపోయింది, అడగకముందే చాపుతుంది.

"ఆగండి" అన్నాను. "డాక్టరమ్మను పిలవండి."

"రౌండ్లో ఉన్నారమ్మా. ఇది వేశాక..."

"వెయ్యడానికి వీల్లేదు. పిలవండి."

నా గొంతుకు వార్డంతా తిరిగి చూసింది. డాక్టరమ్మ వచ్చింది. ఆయన వచ్చారు. వెనకింటావిడ, ఇంటి నుంచి పిల్లకు గంజి తెచ్చి అప్పుడే గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ లేని సమయం చూసి చెప్పాలనుకున్నాను. ఆవిడ ఎప్పుడూ అంతే, నా బతుకులో వద్దనుకున్న చోటే అడుగు పెడుతుంది.

చెప్పాను. సంచి అడుగు నుంచి పుస్తకం తీసి ఇచ్చాను. గళ్ళు చూపించాను. రెండు మేకలు చచ్చిన పిల్లల్ని వేసిన సంగతి కూడా. డాక్టరమ్మ ఆ తేదీ మీద వేలు పెట్టింది.

"గురువారం అడిగాను మిమ్మల్ని" అంది. "శనివారం మళ్ళీ అడిగాను."

"అవును."

"నిన్నంతా ఇక్కడే ఉన్నారు."

"అవును."

ట్రే తీసేయమంది. రక్తం తీయించి, బయటికి పంపించింది. ఎముకలోంచి తీసిన మూలుగ మిగిలి ఉంటే అదీ పంపమంది. అందరూ పరుగెత్తారు. పిచ్చుక మాత్రం నా వైపు చూసి ఏడుపు మొదలుపెట్టింది. "నేను చెప్పలేదుగా. నువ్వే చెప్పకూడదన్నావుగా."

ఆయన వెళ్ళి పిల్ల పక్కన కూర్చున్నారు, నాకు వీపు పెట్టి.

వరండాలో వెనకింటావిడ నన్ను ఆపింది. గంజి డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.

"నా పాలల్లో నీళ్ళున్నాయేమోనని నా కళ్ళముందే పిల్లకు పచ్చిపాలు తాగించావా? నన్ను అడిగితే నోరు పడిపోయేదా?"

"నువ్వు నిజం చెప్పేదానివా?"

"చెప్పేదాన్నే. కలిపాను. పోయిన ఏడాది, తెల్లమేక ఎండిపోయినప్పుడు, ఎనిమిది రోజులు. ఒక గ్లాసు. నీ నోటికి భయపడి చెప్పలేదు. అయితే ఏంటే?"

కలిపింది. ఏడాదిగా నేను అంటున్నదే. ఆయన నమ్మనిదే. ఆవిడ నోటితోనే ఒప్పుకుంది. నేను గెలిచాను. చుట్టూ చూశాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

మే 2, గురువారం

ఆ జబ్బే. మేకల జబ్బే. రెండు రకాల మందు ఆరు వారాలు, మొదట్లో సూదులు కూడా. "సోమవారం ఆ మందు వేసి ఉంటే?" అని ఆయన అడిగారు. డాక్టరమ్మ "వెయ్యలేదు కదా" అంది. నా వైపు చూడలేదు.

మే 6

పశువుల డాక్టరు వచ్చి మేకల రక్తం తీసుకెళ్ళాడట. ఏడింటిలో నాలుగింటికి ఉంది. ఆ నాలుగింటినీ తీసుకెళ్ళారు. వెనకింటావిడకు కూడా పరీక్ష చేశారు. ఉంది. రెండేళ్ళ నడుం నొప్పి అదేనట. ఇద్దరికీ ఒకే మందు, ఒకే వేళ.

ఆవిడ పాకలో కూర్చుని ఏడుస్తోందని ఆయన చెప్పారు. నేను వెళ్ళలేదు. వెళ్ళి ఏమనాలి? ఆవిడకు నేను చేసింది ఏమీ లేదు. ఆవిడ మేకల వల్లే నా పిల్ల ఈ మంచం మీద ఉంది. వెళ్ళలేదు.

మే 9

జ్వరం లేదు. 98.4. కణాలు ముప్పై ఎనిమిది వేలు.

మే 13

తొంభై ఒక్క వేలు. పిక్కల మీద మచ్చలు పసుపు రంగుకు తిరిగాయి. ఆకలేస్తోందంటోంది.

డాక్టరమ్మ ఇప్పుడు పిల్లను ఏది అడగాలన్నా నన్ను బయటికి పంపుతోంది. "కాస్త అలా వరండాలో ఉండండమ్మా." నొప్పి ఉందా, తలనొప్పా, కళ్ళు మసకగా ఉన్నాయా, విరేచనం అయిందా, ఇవన్నీ నేను వినకూడని రహస్యాలా? నా పిల్ల, నా కడుపున పుట్టిన పిల్ల. మొదటి రోజు తలుపు దగ్గరే నిలబడి చెవి ఒగ్గాను. నర్సు వచ్చి ఇంకాస్త దూరం జరగమంది.

మే 15

ఆయన అడిగారు: "పిల్లా, మందు చేదుగా ఉందా?" పిచ్చుక ముందు నా మొహం చూసింది. ఆ తర్వాత నాన్నకు "లేదు" అంది.

చేదుగానే ఉంటుంది. నేను నాలిక మీద వేసుకుని చూశాను.

మే 17, శుక్రవారం

రేపు ఇంటికి పంపుతారట. మిగిలిన మందు ఇంట్లో వేసుకోవాలి. నెలకోసారి తీసుకురావాలి. మళ్ళీ తిరగబెట్టవచ్చు, ఏ కొంచెం తేడా ఉన్నా పిల్లే చెప్పాలి అని డాక్టరమ్మ ఆయనతో అంటోంది. నాతో కాదు.

పదకొండింటికి ఆవిడ స్టెతస్కోపు మెడలో వేసుకుని వార్డులోకి రావడం చూశాను. మా మంచానికి ఇంకా నాలుగు మంచాల దూరంలో ఉంది. నేను లేచాను. నీళ్ళ సీసా పిల్లకు అందేలా పెట్టాను. ఎవరూ చెప్పకముందే బయటికి వచ్చి తలుపు దగ్గరకు లాగాను.

వరండాలో ఎదుటి గోడ దాకా నడిచాను. అక్కడి నుంచి ఏమీ వినిపించదు. తలుపు అద్దంలోంచి మాత్రం కనిపిస్తుంది. పిచ్చుక చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది. మోకాలు చూపించింది, కడుపు చూపించింది, మూతి వంకర చేసి మందు చేదు చూపించింది. డాక్టరమ్మ నవ్వింది. పిల్ల తలుపు వైపు ఒక్కసారి చూసింది. నేను పక్కకు తప్పుకున్నాను. మళ్ళీ చూసేసరికి ఇంకా చెబుతూనే ఉంది.

పదకొండు నిమిషాలు మాట్లాడింది. నాతో ఎన్నడూ అంతసేపు మాట్లాడలేదు.